కొనసాగింపు అనే మాట: ఇంప్లాంటు సాహిత్యంపై ఒక పరిశీలన

సంతాన నిరోధానికై స్త్రీ చేతి చర్మం క్రింద అమర్చే ఇంప్లాంటులను గురించి గత నాలుగు దశాబ్దాలకు పైగా వెలువడుతూ వస్తున్న వైద్య రచనలలో ఒక మాట పదేపదే తారసపడుతుంది. అది ‘కంటిన్యుయేషన్ రేటు’. తెలుగులో కొనసాగింపు రేటు అనవచ్చు. నూరుమంది స్త్రీలకు ఇంప్లాంటు అమర్చితే, ఏడాది గడిచేసరికి, రెండేళ్ళు గడిచేసరికి ఎందరి చేతిలో అది ఇంకా ఉన్నదో చెప్పే అంకె ఇది. అంకె పెద్దదైతే సాధనం మంచిదనీ, స్త్రీలు తృప్తిగా ఉన్నారనీ, పథకం ఫలించిందనీ ఈ రచనలలో అనేకం నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయం ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం. ముస్లిం సమాజానికి ఈ ప్రశ్నతో దగ్గర సంబంధమే ఉన్నది. తొలితరం ఇంప్లాంటును అత్యధికంగా వాడిన దేశం ఇండొనీషియా. బంగ్లాదేశ్, ఈజిప్టు మొదలైన దేశాల స్త్రీలు కూడా దీని పరీక్షలలో, పథకాలలో పాలుపంచుకొన్నారు. అంతేకాక, ఈ సాధనం ధర్మసమ్మతమని చెప్పిన ఉలమా తమ తీర్పుకు పెట్టిన షరతులకూ, ఈ అంకెకూ మధ్య ఇంతవరకు ఎవరూ సరిగా తడమని ఒక ముడి ఉన్నది.

ముందుగా సాధనాన్ని గురించి నాలుగు మాటలు. న్యూయార్కులోని పాపులేషన్ కౌన్సిల్ రూపొందించిన నార్‌ప్లాంట్ ఆరు సన్నని సిలికోను గొట్టాల కట్ట. ఒక్కొక్క దానిలో 36 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉంటుంది. అది ఐదేళ్ళపాటు కొద్దికొద్దిగా రక్తంలోకి ఊరుతుంది. 1983లో ఫిన్లండు దీనిని మొదట ఆమోదించింది. తరువాత రెండు కడ్డీల జాడెల్, 1998లో ఒకే కడ్డీగల ఇంప్లానాన్ వచ్చాయి. ఇంప్లానాన్ అగ్గిపుల్లంత ఉంటుంది. అందులో 68 మిల్లీగ్రాముల ఎటోనోజెస్ట్రెల్ ఉంటుంది. మూడేళ్ళకని దానిని రూపొందించారు. అండం విడుదల కాకుండా ఆపటం, గర్భాశయ ద్వారంలోని జిగురును చిక్కబరచటం వీటి పని. ఏడాదికి నూరుమందిలో ఒకరికైనా గర్భం రాదు. తీసివేసిన పిమ్మట సంతాన సామర్థ్యం త్వరగానే తిరిగి వస్తుంది. వీటిలో దేనిపైనా వివాదం లేదు. అయితే అమర్చటం కొద్ది నిమిషాల పని, తీయటం అట్లా కాదు. మత్తుసూది ఇచ్చి, చర్మాన్ని కొద్దిగా కోసి, లోపల కడ్డీ చుట్టూ పెరిగిన పొరను విడదీసి బయటికి లాగాలి. లోతుగా దిగిన కడ్డీ అయితే నేర్పరియైన డాక్టరు కూడా చెమటోడ్చవలసివస్తుంది. మొత్తంమీద స్త్రీ తనంతట తాను మొదలుపెట్టలేని, తనంతట తాను మానలేని సాధనమిది.

మాత్రలు వేసికొనే స్త్రీ వాటిని మానదలచితే ఏమీ చేయనక్కరలేదు; రేపు ఉదయం మాత్ర వేసికోకుంటే చాలును. ఇంప్లాంటు ఉన్న స్త్రీ మానదలచితే పని మానుకొని, బస్సెక్కి, ఆసుపత్రికి వెళ్ళి, వరుసలో నిలబడి, తన కారణాన్ని ఇంకొకరికి నచ్చజెప్పాలి. మొదటి స్త్రీ బద్ధకించినా మానినట్లే లెక్క; రెండవ స్త్రీ బద్ధకించినా, భయపడినా, చార్జీలకు డబ్బు లేకపోయినా కొనసాగినట్లే లెక్క. ఈ రెండు లెక్కలను ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన పెట్టి, ఇది మేలు, అది నాసి అనటం త్రాసు సరిచూడకుండా తూకం వేసినట్లుంటుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 2007 నుండి 2011 వరకు 9,256 మంది స్త్రీలను చేర్చుకొని జరిపిన ప్రసిద్ధ అధ్యయనంలో ఇంప్లాంటు ఎంచుకొన్నవారిలో ఏడాది చివర 83 శాతం కొనసాగారు. మాత్రలు మొదలైన స్వల్పకాలిక సాధనాలలో 55 శాతమే. ఈ రెండంకెలూ ఆ పిమ్మట వెలువడిన అనేక వ్యాసాలకు మూలధనమైనవి. అయితే అదే అధ్యయనంలో ఇంప్లాంటు కొనసాగింపు రెండేళ్ళకు 69 శాతానికి, మూడేళ్ళకు 56 శాతానికి తగ్గిన సంగతిని అంత తరచుగా ఉదహరించరు. నిజానికి ఆ అధ్యయనానికి గౌరవం తెచ్చేది ఈ చివరి అంకెయే. అక్కడి స్త్రీలు ఖర్చు లేకుండా ఒక సాధనాన్ని విడిచి మరొకదానికి మారగలిగారు. తీయించుకొనే దారి తెరిచి ఉన్నచోట వచ్చిన 56, ఆ దారి ఉన్నదో లేదో తెలియనిచోట వచ్చిన 95 కంటె ఎక్కువ నమ్మదగినది.

ఇప్పుడు ఒక విచిత్రమైన జంట అంకెలను చూడాలి. జకార్తాకు చెందిన వైద్యాచార్యుడు బిరాన్ అఫాందీ 1998లో ఇంప్లానాన్ పరీక్షలన్నిటినీ కలిపి, రక్తస్రావ క్రమాలను విశ్లేషించి ప్రకటించారు. మొదటి రెండేళ్ళలో మధ్యలో మానివేసినవారు ఐరోపా, కెనడాలలో సుమారు 30 శాతం. ఆగ్నేయాసియాలో 1 శాతం కంటె తక్కువ. కడ్డీ ఒకటే, మందు ఒకటే. మానటానికి ప్రధాన కారణం క్రమం తప్పిన రక్తస్రావం. ముప్ఫై రెట్ల తేడా ఎక్కడినుండి వచ్చింది?

ఇటువంటి తేడాలకు మామూలుగా చెప్పే కారణం ‘సాంస్కృతికం’ అన్న మాట. తూర్పు స్త్రీకి ఓర్పు ఎక్కువట. లేక ఆమెకు ముందే బాగా చెప్పి పంపారట. రెండవది కొంత నిజం కావచ్చును. రక్తస్రావం గురించి ముందుగా విన్న స్త్రీ బెదరదని మరికొన్ని చోట్లా తేలింది. కాని ఓర్పు అన్న వివరణ, దానిని ఎవరు చెప్పినా, పరీక్షించకుండా అంగీకరించరాదు. ఓర్చుకొంటున్న స్త్రీ, అడగటానికి జంకుతున్న స్త్రీ, అడిగి తిరస్కారం పొందిన స్త్రీ – ముగ్గురూ ఈ అంకెలో ఒకే గడిలో పడతారు. అఫాందీ విశ్లేషించిన పరీక్షలలో ఎవరికైనా నిరాకరణ జరిగిందని ఇక్కడ అనటం లేదు. వైద్య పరీక్షలలో వైద్యుడు దగ్గరనే ఉంటాడు, తీయటం తెలిసినవాడు కూడాను. ఆక్షేపణ ఏమంటే, జరిగిందా లేదా అన్నది ఆ అంకెను చూచి చెప్పటానికి వీలులేదు. అడిగిన రోజుకూ, తీసిన రోజుకూ మధ్య ఎన్నాళ్ళు గడిచాయో చెబితే ఆ ముగ్గురూ వేరుపడతారు. ఈ రంగంలోని పట్టికలలో సాధారణంగా తీసిన తేదీ ఉంటుంది. అడిగిన తేదీ కనిపించటం అరుదు.

పరీక్షాశాల దాటి పథకంలోకి వస్తే చిత్రం మరింత మసక. ఇండొనీషియాలో 1970లో ఏర్పడిన కుటుంబ నియంత్రణ సమన్వయ సంస్థ సుహార్తో ప్రభుత్వపు శాఖలన్నిటిలోకి బలంగా చొచ్చుకుపోయిన సంస్థ. జిల్లాలకు లక్ష్యాలు, గ్రామాలకు లక్ష్యాలు ఉండేవి. ‘సఫారీ’ అనే పేరుతో సామూహిక శిబిరాలు నడిచేవి. అధికారులు, కొన్నిచోట్ల సైనికులు కూడా వాటిలో పాల్గొనేవారు. 1990లో షీలా వార్డ్, ఆమె సహచరులు పాపులేషన్ కౌన్సిల్ కోసమే తయారుచేసిన నివేదిక ఇక్కడ గుర్తుంచుకోదగినది. అమర్చటంలో శిక్షణ ముందుకు పరుగెత్తగా తీయటంలో శిక్షణ వెనుకబడిందనీ, స్త్రీలకు అందే సమాచారంలో లోపాలున్నాయనీ ఆ నివేదిక దాచకుండా చెప్పింది. సాధనాన్ని తయారుచేసిన సంస్థయే ఇటువంటి నివేదికను వెలువరించటం మెచ్చదగిన విషయం. ఆ తరువాత వచ్చిన కొనసాగింపు పట్టికలను చదివేవారు ఈ నివేదికను ప్రక్కన పెట్టుకొని చదవాలి. సామాన్యంగా అట్లా జరగలేదు.

మాటల వ్యవహారం కూడా ఇక్కడ చూడదగినది. ఇండొనీషియాలో జనం ఇంప్లాంటును ‘సుసుక్’ అన్నారు. సుసుక్ అనేది మలయ్ దేశాలలో పాత వాడుక: అందం, ఆకర్షణ కలగాలని మాంత్రికుని చేత ముఖంలోనో చేతిలోనో చర్మం క్రింద పెట్టించుకొనే సన్నని బంగారు సూది. తౌహీద్‌కు విరుద్ధమని ఉలమా దానిని ఖండించారు. ఆ సూది తీయకపోతే అవసాన కాలంలో ప్రాణం తేలికగా పోదని ప్రజల నమ్మకం. తీయటానికి మరల మాంత్రికుడే రావాలి. మూఢనమ్మకమే, కాదనలేము. కాని జనం పేరు పెట్టటంలో పొరపడలేదు. అమర్చినవాని చేతిలోనే విడుదల కూడా ఉన్నదన్న సంగతిని ఆ పేరు పట్టుకొన్నది. ప్రభుత్వ కరపత్రాలు ఆ పేరును స్వీకరించి, దానిలోని ఆ అర్థాన్ని మాత్రం వదిలివేశాయి.

ఇక షరీఅత్ దృష్టితో చూద్దాము. కొనసాగింపు రేటు వెనుక ఉన్న తర్కం ఉసూలుల్ ఫిఖహ్ చదివినవారికి క్రొత్తది కాదు. దానిని ‘ఇస్తిస్‌హాబ్’ అంటారు. ఒక స్థితి ఉన్నదని ఒకసారి రుజువైతే, మారినట్లు ఆధారం దొరికేవరకు అది అట్లాగే ఉన్నదని భావించటం. వుజూ చేసికొన్నట్లు నిశ్చయంగా తెలిసి, భంగమైనదా అని సందేహం కలిగితే వుజూ ఉన్నట్లే. స్త్రీ ఒకసారి సమ్మతించింది, కడ్డీ చేతిలో ఉన్నది, కాబట్టి సమ్మతి ఉన్నట్లే – ఇదీ ఆ తర్కమే. అయితే మన ధర్మవేత్తలు ఈ ఆధారాన్ని ఎంత జాగ్రత్తగా వాడారో చూడాలి. వేరే ఏ ఆధారమూ లేనప్పుడు చివరగా ఆశ్రయించేది ఇది. హనఫీ పండితులలో ప్రసిద్ధమైన అభిప్రాయం మరొక మెట్టు ముందుకు వెళ్ళింది: ఇస్తిస్‌హాబ్ ఒక హక్కును కాపాడటానికి పనికివస్తుంది గాని, క్రొత్త హక్కును స్థాపించటానికి పనికిరాదు. జాడ తెలియకుండా పోయిన మనిషి (మఫ్‌ఖూద్) ఉదాహరణ అందరికీ తెలిసినదే. అతడు బ్రతికి ఉన్నట్లే భావించి అతని ఆస్తిని వారసులకు పంచరు. కాని అదే భావనతో ఇతరుల ఆస్తిలో అతనికి వాటా స్థిరపరచరు. ఈ కొలతతో చూస్తే, చేతిలో ఉన్న కడ్డీ ‘ఈమెకు బలవంతంగా పెట్టారేమో’ అన్న అనుమానాన్ని కొంతవరకు త్రోసిపుచ్చవచ్చును. ‘ఈమె తృప్తిగా ఉన్నది’ అన్న వాదాన్ని మాత్రం నిలబెట్టలేదు. దానికి వేరే సాక్ష్యం కావాలి.

‘మౌనం అర్ధాంగీకారం’ అని మనవైపు సామెత. నికాహ్ విషయంలో ఇస్లాం కూడా మౌనాన్ని సమ్మతిగా ఒప్పుకొన్నది, అయితే పెండ్లికాని కన్య విషయంలోనే. ఇదివరకు వివాహమైన స్త్రీ నోటితో చెప్పితీరాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశం. సంసారం తెలిసిన స్త్రీకి సిగ్గు అడ్డురాదు, కనుక ఆమె మాటయే కావాలి. మాట్లాడనివాని పేర ఏ మాటనూ వ్రాయరాదని ఫిఖహ్ సూత్రం కూడా ఒకటి ఉన్నది. ఇంప్లాంటు స్త్రీలలో అత్యధికులు బిడ్డల తల్లులు. వారి మౌనాన్ని అంకెలలోకి అనువదించినవారు ఏ భాష నుండి అనువదించారో తెలియదు.

ముస్లిం రచయితలు ఈ విషయంలో ఏమి చేశారు? అబ్దుర్రహీమ్ ఉమ్రాన్ 1992లో ఆంగ్లంలో ప్రకటించిన ‘ఇస్లామీయ వారసత్వంలో కుటుంబ నియంత్రణ’ ఈ విషయంపై నేటికీ ఎక్కువగా ఉదహరింపబడే గ్రంథం. దానికి ముందు, 1983లో, బాసిమ్ ముసల్లమ్ వ్రాసిన చారిత్రక అధ్యయనం ఉన్నది. పాండిత్యంలో అది లోతైనది. ఉమ్రాన్ గ్రంథపు ఉపయోగం వేరు: నాలుగు మజ్‌హబ్‌ల అభిప్రాయాలను సామాన్య పాఠకునికి, పథకాల అధికారులకు ఒకచోట అందించింది. ‘అజ్ల్’ గురించి ఖుర్ఆన్ అవతరిస్తున్న కాలంలోనే సహాబా దానిని ఆచరించినట్లు హజ్రత్ జాబిర్ (ర) చెప్పిన హదీసు, దానికి భిన్నంగా కనిపించే జుదామా (ర) హదీసు, ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) ‘ఇహ్యా’లో ఇచ్చిన అనుమతి – ఇవన్నీ ఇటువంటి చర్చలకు పునాది. షేఖ్ జాదుల్ హఖ్ ఈజిప్టు ముఫ్తీగా 1979, 1980లలో ఇచ్చిన ఫత్వాలు కూడా అజ్ల్‌పై ఖియాస్ చేసి ఆధునిక సాధనాలను అనుమతించాయి.

ఖియాస్ తప్పు కాదు. కాని సగంలో ఆగింది. అజ్ల్ అనుమతికి కారణం దాని స్వభావంలో ఉన్నది: అది ఒక్కొక్కసారికి ఒక్కొక్క నిర్ణయం. ఈ రోజు చేసినవారు రేపు మానవచ్చు. మానటానికి మూడవ మనిషి అక్కరలేదు. పైగా హనఫీ, మాలికీ, హంబలీ పండితులు స్వతంత్ర స్త్రీ విషయంలో భార్య అనుమతి కావాలన్నారు. ఆ అర్థమిచ్చే హదీసు ఇబ్న్ మాజాలో హజ్రత్ ఉమర్ (ర) ద్వారా వచ్చింది. దాని పరంపర బలహీనమని హదీసు పండితులు అన్నా, ఫుఖహా దాని భావాన్ని స్వీకరించారు. కాలం చెడిందన్న కారణంతో తరువాతి హనఫీలలో కొందరు ఆ షరతును సడలించిన మాట నిజమే. సడలింపు అనటంలోనే షరతు మూలమని తేలుతున్నది. ప్రతిసారి సమ్మతి అవసరమైన పనిని ఆధారంగా తీసికొని, ఒక్కసారి సమ్మతితో మూడేళ్ళో ఐదేళ్ళో నడిచే పనికి అనుమతి ఇచ్చినప్పుడు, ఆ మధ్యకాలంలో సమ్మతి ఎట్లా నిలిచి ఉంటుందో చెప్పవలసిన బాధ్యత ఖియాస్ చేసినవారిది. ఈ వరుసలోని రచనలు ఆరంభానికి అనుమతిని శ్రమపడి నిరూపించాయి. ముగింపు గురించి వాటిలో చర్చ చాలా పలుచన.

1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ తీర్మానం ఈ లోటును కొంత పూడ్చగలదు. దంపతుల సంతాన స్వేచ్ఛను పరిమితం చేసే సామాన్య చట్టం చేయరాదనీ, అవసరం పట్టుబట్టనిదే సంతాన శక్తిని శాశ్వతంగా నిర్మూలించరాదనీ, కాన్పుల మధ్య ఎడం కోసం తాత్కాలిక నిరోధం దంపతుల పరస్పర సంప్రదింపుతో, సమ్మతితో, హాని లేకుండా జరగవచ్చుననీ దాని సారాంశం. ఇందులో ‘తాత్కాలికం’ అన్న మాట కీలకం. ఇంప్లాంటు తాత్కాలికమని ఎవరు నిర్ణయించాలి? రసాయనశాస్త్రం ప్రకారం తాత్కాలికమే. కాని ఆ జిల్లాలో తీయగలిగిన డాక్టరు లేకపోతే, ఉన్నా ఐదేళ్ళు నిండేవరకు తీయనంటే, ఆ స్త్రీ మటుకు అది తాత్కాలికం కాదు. ఫత్వాలోని షరతును తీర్చేది కడ్డీలోని మందు కాదు, దానిని తీసే చేయి. ఆ చేయి లేనిచోట అనుమతి కూడా నిలవదని అనటానికి సంకోచించనక్కరలేదు.

సమ్మతి, సంప్రదింపు అనే ఆ రెండు మాటలు ఖుర్ఆన్‌లో ఎక్కడ జతగా వచ్చాయో కూడా ఈ రచయితలు గమనించవలసింది. బఖరా సూరాలోని 233వ ఆయత్‌లో, బిడ్డ చేత పాలు మాన్పించే సందర్భంలో, తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి ఇష్టపడి, సంప్రదించుకొని నిర్ణయిస్తే దోషం లేదన్నచోట అవి వచ్చాయి. అంటే అక్కడి సమ్మతి ఒకదానిని మొదలుపెట్టటానికి కాదు, ఆపటానికి. రెండేళ్ళ గడువు నిండకముందే ఆపటానికి! గడువు నిండేదాకా ఆగమని స్త్రీని తిప్పిపంపే క్లినిక్కుల విషయంలో దీనికంటె స్పష్టమైన పోలిక మరొకటి దొరకదు.

రక్తస్రావం సంగతి ఇంకా మిగిలి ఉన్నది. స్త్రీలకు అసలు సంగతి అదే. ఇంప్లానాన్ పరీక్షలు పదకొండింటిలోని 923 మంది స్త్రీల వివరాలను కలిపి 2008లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, తొంభై రోజుల వ్యవధులలో సుమారు 22 శాతంలో అసలు స్రావమే లేదు. 34 శాతంలో అరుదుగా కనిపించింది. 7 శాతంలో తరచుగా, 18 శాతంలో దీర్ఘంగా సాగింది. దీనివలన మానినవారు 11 శాతం. మొత్తంమీద స్రావపు రోజులు పెరగలేదనీ, ప్రమాదం లేదనీ డాక్టర్లు అంటారు. అది వైద్యరీత్యా నిజమే. కాని ఐదుపూటలా నమాజు చేసే స్త్రీకి ఈ రోజు తాను శుభ్రంగా ఉన్నదా లేదా అన్నది ఉదయం లేస్తూనే తేల్చుకోవలసిన ప్రశ్న. రమజానులో రోజా ఉండాలా మానాలా, భర్త దగ్గరకు రావచ్చునా, ఉమ్రాకు వెళితే తవాఫ్ చేయవచ్చునా – ఇవన్నీ దానిమీద ఆధారపడినవి. ‘కొద్దిపాటి మరకలు, కంగారుపడవద్దు’ అన్న సలహా ఈ ప్రశ్నలలో ఒక్కదానికి కూడా జవాబు కాదు.

విచారించవలసిన సంగతి ఏమంటే, జవాబు మన దగ్గరే ఉన్నది. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (ర) ఆగని స్రావం గురించి అడిగినప్పుడు, అది నరం నుండి వచ్చే రక్తమనీ, నెలసరి కాదనీ దైవప్రవక్త (స) వివరించారు. నెలసరి రోజులు గడిచిన పిమ్మట స్నానం చేసి నమాజు చేయమన్నారు. ఉమ్మె హబీబా బిన్తె జహ్ష్ (ర) ఏడేళ్ళపాటు ఇటువంటి స్రావంతో ఉన్నారు. హనఫీ ఫిఖహ్‌లో నెలసరి తక్కువలో తక్కువ మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ పది. రెండింటి నడుమ శుభ్రకాలం కనీసం పదిహేను రోజులు. స్రావం ఈ హద్దు దాటితే స్త్రీ తన పూర్వపు అలవాటును ప్రమాణంగా తీసికొంటుంది, మిగిలినది ఇస్తిహాజా. అందులో ప్రతి నమాజు వేళకు వుజూ చేసికొని నమాజు చేయవచ్చు, రోజా ఉండవచ్చు. స్త్రీని నెలల తరబడి నమాజుకు దూరం కానివ్వని దయగల నియమం ఇది. అయితే దానిని వాడుకోవాలంటే ఒక ముందుజాగ్రత్త కావాలి: ఇంప్లాంటు అమర్చకముందే తన నెలసరి ఎన్ని రోజులు, మధ్య శుభ్రకాలం ఎంత అన్నది ఆమె వ్రాసిపెట్టుకొని ఉండాలి. అలవాటు మరచిన స్త్రీ సమస్య (ముతహయ్యిరా) ఫిఖహ్ గ్రంథాలలోని అతి చిక్కు అధ్యాయాలలో ఒకటి. పెద్ద పండితులకే అది తలనొప్పి. నర్సు ఒక్కమాట చెబితే తప్పిపోయే చిక్కు ఇది. నర్సుకు ఆ మాట చెప్పవలసినవారు ఉలమా. కుటుంబ నియంత్రణ ధర్మసమ్మతమా కాదా అన్న చర్చకు పట్టిన కాగితంలో నూరవవంతు ఈ సంగతికి పట్టలేదు.

పథకాలను విమర్శించినవారి రచనలను కూడా ఇదే కొలతతో చూడాలి. బంగ్లాదేశ్‌లో నార్‌ప్లాంట్ పరీక్షకు 1981లో ప్రకటన వెలువడగా నిరసన వచ్చింది. పరీక్షలు 1985లో మొదలైనవి. ఫరీదా అఖ్తర్, ఆమె నడిపే ఉబినీగ్ సంస్థ తీయించుకోలేకపోయిన పేద స్త్రీల మాటలను సేకరించి లోకానికి వినిపించారు. ఈ అంకెల వెనుక మనుషులున్నారని చూపింది ముఖ్యంగా వీరు. ఆ ఋణం మరువరానిది. అయినా వారి రచనలలో ఇంప్లాంటును ఇష్టపడి ఉంచుకొన్న స్త్రీ కనిపించదు; కనిపించినా మోసపోయినదిగానే కనిపిస్తుంది. పథకంవారు మౌనంగా ఉన్న స్త్రీని తృప్తురాలిగా వ్రాసికొన్నారు. విమర్శకులు బాధితురాలిగా వ్రాసికొన్నారు. ఆమెను అడగటం ఇద్దరూ మరచినట్లే ఉన్నది. ఇటీవలి వారిలో లీ సెండెరోవిచ్ 2020లో ప్రతిపాదించిన కొలమానం మెరుగైన దారి చూపుతున్నది: ఎందరు వాడుతున్నారన్నది కాక, వాడుతున్నవారిలోనూ వాడనివారిలోనూ ఎందరు తెలిసి, ఇష్టపడి, స్వేచ్ఛగా ఆ స్థితిలో ఉన్నారన్నది లెక్కించాలని ఆమె వాదం. నియ్యత్‌ను బట్టి పనిని తూచటానికి అలవాటుపడిన పాఠకులకు ఇది అపరిచితం కాదు.

ఈ చర్చ తెలుగునేలకు దూరమైనది కూడా కాదు. 1985లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షను పరీక్ష జరుగుతుండగా, అది ప్రయోగమన్న సంగతి ఆ స్త్రీలకు సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించింది. మరుసటి ఏడాది ఢిల్లీకి చెందిన సహేలీ మొదలైన సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ వ్యాజ్యం 2000లో గాని ముగియలేదు. 2023లో భారత ప్రభుత్వం ఒకే కడ్డీ ఇంప్లాంటును ఎంపికచేసిన కొన్ని రాష్ట్రాలలో, కొన్ని జిల్లాలలో తన పథకంలోకి తీసికొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మందికి, తెలంగాణలో 60 శాతానికి పైబడి ఆపరేషను అయివున్నది. శాశ్వత ఆపరేషను విషయంలో ధర్మరీత్యా వెనుకాడే ముస్లిం కుటుంబాలకు ఇంప్లాంటు ఒక వెసులుబాటుగా కనిపించటం సహజం. ఇంజెక్షను ఒకసారి ఒంటికి ఎక్కితే తిరిగి తీయలేము, కడ్డీని తీయవచ్చు. ఉలమా అనుమతి అంతా ఆ ఒక్క తేడా మీద నిలిచి ఉన్నది. కనుక ముఫ్తీని అడగటానికి వచ్చిన దంపతులను, ఇంప్లాంటు అమర్చే ఆసుపత్రి ఏదని కాక, దానిని తీసే డాక్టరు ఎవరు, వారంలో ఏ రోజున ఉంటారు, కారణం చెప్పకపోయినా తీస్తారా అని ముఫ్తీయే తిరిగి అడగటం ఫత్వాలో భాగంగా ఉండాలి. ఆ జవాబులు ఆమెకిచ్చే కార్డుపై, అమర్చిన తేదీకి ప్రక్కనే, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి.